సింబల్ టేబుల్ (పెర్ల్)

సింబల్ టేబుల్ అనగా ఒక కంప్యూటరు ప్రోగ్రాములో వాడిన పేర్లను, ఆ పేర్లు సూచించే విలువలను లేదా ఫంక్షన్లను జతపరచి ఉంచే పట్టిక. దీనిని తెలుగులో పేర్ల పట్టిక అనవచ్చును. దాదాపు అన్ని ప్రోగ్రామింగు భాషలలోనూ ఏదో ఒక రూపంలో ఇటువంటి పట్టిక ఉంటుంది. అయితే పెర్ల్ అనే స్క్రిప్టింగు భాషలో ఈ పట్టిక ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ ప్రోగ్రామరుకు అందుబాటులోనే ఉంటుంది. దానిని చదవవచ్చు, మార్చవచ్చు, ఒకే వస్తువుకు రెండు పేర్లు పెట్టవచ్చు. ఇలా రెండవ పేరు పెట్టడాన్ని మారుపేరు పెట్టడం అంటారు. ఈ వ్యాసం పెర్ల్ భాషలో సింబల్ టేబుల్ నిర్మాణాన్ని, మారుపేర్లు పనిచేసే విధానాన్ని, వాటితో తీసుకోవలసిన జాగ్రత్తలను వివరిస్తుంది.

చరిత్ర

పెర్ల్ భాషను అమెరికాకు చెందిన లారీ వాల్ రూపొందించి 1987 డిసెంబరులో విడుదల చేశాడు. 1994 అక్టోబరులో వెలువడిన ఐదవ వెర్షనుతో ఈ భాష రూపురేఖలు చాలా మారాయి. అంతకు ముందు పెర్ల్‌లో రెఫరెన్సులు లేవు. ఒక అర్రేను ఫంక్షనుకు పంపి, ఫంక్షను లోపల దానిని మార్చాలంటే ఆ అర్రే పేరుకు మారుపేరు పెట్టుకోవడమే అప్పటి మార్గం. అందువలన మారుపేరు మొదట్లో ఒక అవసరం. ఐదవ వెర్షనులో రెఫరెన్సులు, మాడ్యూళ్లు, ఒక బ్లాకుకే పరిమితమైన చలరాశులు వచ్చిన తరువాత ఆ అవసరం తగ్గింది. అయినను ఒక మాడ్యూలు లోని ఫంక్షన్లను మరొక చోటికి తెచ్చుకోవడానికి నేటికీ ఇదే పద్ధతి ఆధారంగా ఉన్నది.

ఒకే పేరు, అనేక వస్తువులు

పేర్ల పట్టిక అవసరమేమిటో తెలుసుకోవడానికి ఆత్మకూరు అనే ఊరి పేరు చక్కని ఉదాహరణ. ఆంధ్ర ప్రదేశ్‌లో నంద్యాల జిల్లాలో నల్లమల అడవుల చెంత ఒక ఆత్మకూరు ఉంది. నెల్లూరు జిల్లాలో మరొకటి, అనంతపురం జిల్లాలో ఇంకొకటి ఉన్నాయి. తెలంగాణలో వనపర్తి, హనుమకొండ జిల్లాలలో ఈ పేరుతో మండల కేంద్రాలు ఉన్నాయి. ఇవి కాక సూర్యాపేట జిల్లాలో ఆత్మకూరు (ఎస్), యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆత్మకూరు (ఎం) అనే మండలాలు ఉన్నాయి.

కేవలం "ఆత్మకూరు" అని వ్రాస్తే ఏ ఊరో తెలియదు. జిల్లా పేరు చేర్చినప్పుడే అర్థం స్థిరపడుతుంది. పెర్ల్‌లో జిల్లా చేసే పనిని ప్యాకేజీ చేస్తుంది. ఒక్కొక్క ప్యాకేజీకి ఒక్కొక్క పేర్ల పట్టిక ఉంటుంది. ప్యాకేజీ పేరుకు, చలరాశి పేరుకు నడుమ రెండు జంట చుక్కలు వ్రాస్తారు. ఆ రెండు ఊళ్ల పిన్‌కోడులను ఇలా భద్రపరచవచ్చు:

$కర్నూలు::ఆత్మకూరు = 518422;
$నెల్లూరు::ఆత్మకూరు = 524322;

ఈ రెండు చలరాశుల చివరి పేరు ఒకటే. కాని అవి వేర్వేరు పట్టికలలో ఉన్నందున ఒకదాని విలువ మరొకదానికి అడ్డు రాదు. ఏ ప్యాకేజీ పేరూ చెప్పకుండా వాడిన పేరు ఆ సమయంలో అమలులో ఉన్న ప్యాకేజీకి చెందుతుంది. ప్రోగ్రాము మొదట్లో అమలులో ఉండే ప్యాకేజీకి "మెయిన్" అని పేరు.

ఒకే ప్యాకేజీలో ఒకే పేరు రెండు వస్తువులకు కావలసివస్తే మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. ఆత్మకూరు విషయంలోనూ ఈ చిక్కు వచ్చింది. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాల పునర్విభజన జరగక ముందు, ఎస్, ఎం అక్షరాలు గల రెండు ఆత్మకూరులూ నల్గొండ జిల్లాలోనే ఉండేవి. జిల్లా పేరు చేర్చినా అవి వేరుపడవు కనుక అక్షరాన్ని జోడించి పేర్లనే వేరు చేయవలసి వచ్చింది. పెర్ల్‌లో ఇటువంటి సందర్భంలో రెండవసారి ఇచ్చిన విలువ మొదటి విలువను తుడిచివేస్తుంది. భాష ఏ హెచ్చరికా చేయదు.

పట్టిక నిర్మాణం

పెర్ల్‌లో పేర్ల పట్టిక కూడా ఒక మామూలు హ్యాష్ వంటిదే. ప్యాకేజీ పేరు చివర రెండు జంట చుక్కలు ఉంచి, ముందు హ్యాష్ గుర్తు పెడితే ఆ ప్యాకేజీ పట్టిక లభిస్తుంది. ఉదాహరణకు కర్నూలు అనే ప్యాకేజీ పట్టికను %కర్నూలు:: అని వ్రాస్తారు. ఈ హ్యాష్‌లో తాళపుచెవులు ఆ ప్యాకేజీ లోని పేర్లు. మెయిన్ ప్యాకేజీ పట్టిక అన్నింటికీ మూలం. మిగతా ప్యాకేజీల పట్టికలు దానిలో పద్దులుగా చేరి ఉంటాయి.

హ్యాష్‌లో ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఉండే విలువను టైప్‌గ్లాబ్ లేదా క్లుప్తంగా గ్లాబ్ అంటారు. దీని గుర్తు నక్షత్రం. గ్లాబ్ అనేది కొన్ని అరలు గల ఒక పెట్టె. దీనిలో ముఖ్యమైన అరలు ఇవి:

* స్కేలారు - ఒకే విలువ
* అర్రే - వరుస విలువలు
* హ్యాష్ - తాళపుచెవి, విలువల జతలు
* ఫంక్షను
* ఫైలు లేదా డైరెక్టరీ హ్యాండిలు
* ఫార్మాటు - నివేదికలను ముద్రించే నమూనా

అందువలన పెర్ల్‌లో ఒకే పేరుతో ఒక స్కేలారు, ఒక అర్రే, ఒక ఫంక్షను పక్కపక్కన ఉండగలవు. పైన $కర్నూలు::ఆత్మకూరు లో పిన్‌కోడు ఉంది. అదే పేరుతో మండలంలోని కొన్ని గ్రామాల జాబితాను అర్రేగా ఉంచవచ్చు:

@కర్నూలు::ఆత్మకూరు = ('నల్లకాలువ', 'కరివేన', 'బైర్లూటి');

దీని వలన పిన్‌కోడు చెక్కుచెదరదు. రెండూ ఒకే గ్లాబులో వేర్వేరు అరలలో ఉన్నాయి. 2015లో వచ్చిన 5.22 వెర్షను నుండి, కేవలం ఫంక్షను మాత్రమే ఉన్న పేరుకు పూర్తి గ్లాబ్ బదులు ఫంక్షను రెఫరెన్సును నేరుగా పట్టికలో ఉంచి జ్ఞాపకశక్తిని పొదుపు చేస్తున్నారు. ఎవరైనా గ్లాబును అడిగిన వెంటనే అది పూర్తి గ్లాబుగా మారుతుంది.

ఒక బ్లాకుకు పరిమితం చేసి, "మై" అనే కీలకపదంతో ప్రకటించిన చలరాశులు ఈ పట్టికలో ఉండవు. వాటిని పెర్ల్ వేరే చోట దాచుతుంది. కనుక పేర్ల పట్టిక ద్వారా వాటిని చూడడం గాని, వాటికి మారుపేరు పెట్టడం గాని వీలుపడదు. "అవర్" అనే కీలకపదం మాత్రం పట్టికలోని చలరాశికే ఆ బ్లాకు వరకు ఒక పొట్టి పేరును ఇస్తుంది.

మారుపేరు పెట్టడం

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడింది. ఆత్మకూరు కొత్త జిల్లాలో ఒక రెవిన్యూ డివిజను కేంద్రమైంది. జిల్లా మారినది గాని ఊరు మారలేదు. పాత దస్త్రాలలో కర్నూలు అనే ఉంటుంది, కొత్త దస్త్రాలలో నంద్యాల అని ఉంటుంది. రెండు పేర్లతో వెదికినా ఒకే సమాచారం దొరకాలి. సమాచారానికి నకలు తీసి రెండు చోట్ల ఉంచితే, ఒక చోట చేసిన దిద్దుబాటు రెండవ చోటికి చేరదు. కొంతకాలానికి రెండు ప్రతులూ పొంతన లేకుండా పోతాయి. మారుపేరు ఈ ఇబ్బందిని తొలగిస్తుంది:

*నంద్యాల::ఆత్మకూరు = *కర్నూలు::ఆత్మకూరు;

ఈ ఒక్క వాక్యంతో రెండు పేర్లూ ఒకే పెట్టెను సూచిస్తాయి. తరువాత కొత్త పేరుతో ఒక గ్రామాన్ని చేర్చితే

$నంద్యాల::ఆత్మకూరు[3] = 'కురుకుంద';

పాత పేరుతో చూసినా నాలుగు గ్రామాలు కనిపిస్తాయి. ఇక్కడ రెండు జాబితాలు లేవు. ఉన్నది ఒకే జాబితా, దానికి రెండు పేర్లు. కొత్త పేరు కింద అంతకు ముందు ఏవైనా విలువలు ఉంటే ఆ పేరుతో అవి ఇక దొరకవు.

పాక్షిక మారుపేరు

గ్లాబుకు మరొక గ్లాబును కాక ఒక రెఫరెన్సును ఇస్తే, ఆ రెఫరెన్సు ఏ రకానికి చెందినదో ఆ అర మాత్రమే మారుతుంది:

*నంద్యాల::ఆత్మకూరు = \@కర్నూలు::ఆత్మకూరు;

ఈ వాక్యం గ్రామాల జాబితాకు మాత్రమే మారుపేరు పెడుతుంది. పిన్‌కోడు గల స్కేలారు ఉమ్మడి కాదు. ఎంత అవసరమో అంతే పంచుకోవడం మేలు కనుక ఎక్కువ సందర్భాలలో పాక్షిక మారుపేరు సురక్షితమైనది.

స్థిరాంకాలు

మారని విలువకు కూడా ఇలా పేరు పెట్టవచ్చు:

*గణితం::పై = \3.14159;

దీని తరువాత $గణితం::పై విలువను మార్చబోతే పెర్ల్ దోషం చూపి ప్రోగ్రామును ఆపివేస్తుంది. అంకెకే నేరుగా పేరు పెట్టినందున అది మార్పునకు లొంగదు.

ఫంక్షన్లు

ఫంక్షన్లకు మారుపేరు పెట్టడం అన్నింటికంటె ఎక్కువగా కనిపించే వాడుక:

*నంద్యాల::దూరం = \&కర్నూలు::దూరం;

పెర్ల్ ప్రోగ్రాములలో ఒక మాడ్యూలును తెచ్చుకున్నప్పుడు దానిలోని ఫంక్షన్లు పొట్టి పేర్లతో అందుబాటులోకి రావడం వెనుక జరిగేది ఇదే. ఎక్స్‌పోర్టర్ అనే ప్రామాణిక మాడ్యూలు, అడిగినవారి పేర్ల పట్టికలో ఒక్కొక్క ఫంక్షనుకు ఒక మారుపేరు నమోదు చేస్తుంది. ఫంక్షను నకలు కాదు. ఫంక్షనుకు మారుపేరు పెట్టినా దానిలో నమోదైన అసలు పేరు మారదు. అందుచేత దోషం వచ్చినప్పుడు కనిపించే పిలుపుల వరుసలో పాత పేరే ఉంటుంది. ఇది తెలియనివారు తాము పిలవని ఫంక్షను పేరు చూసి తికమకపడుతుంటారు.

ప్యాకేజీకి మారుపేరు

ఒక ప్యాకేజీ మొత్తానికి కూడా మారుపేరు పెట్టవచ్చు. నెల్లూరు జిల్లాకు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు పెట్టారు. ఇటువంటి మార్పును ఇలా వ్రాయవచ్చు:

*శ్రీపొట్టిశ్రీరాములునెల్లూరు:: = *నెల్లూరు::;

ఇక్కడ ఒక మెలిక ఉంది. పెర్ల్ ప్రోగ్రామును నడపడానికి ముందు దానిని చదివి లోపలి రూపానికి మార్చుకుంటుంది. చదివేటప్పుడే ప్రతి చలరాశి పేరునూ పట్టికలో వెదికి, లేకపోతే సృష్టించి, ఆ గ్లాబ్ చిరునామాను గుర్తుంచుకుంటుంది. నడిచేటప్పుడు మళ్లీ పేరును వెదకదు. పట్టికనే మార్చే పై వాక్యం నడిచే సమయానికి, కొత్త ప్యాకేజీ పేరుతో వ్రాసిన చలరాశులు అప్పటికే వేరే గ్లాబులతో ముడిపడి ఉంటాయి. కనుక ఈ వాక్యాన్ని చదివే దశలోనే అమలయ్యే "బిగిన్" బ్లాకులో, ఆ చలరాశుల వాడుక కంటె ముందు ఉంచాలి.

ఇదే కారణం చేత పట్టికలో నుండి ఒక పేరును తొలగించినా, ముందే చదివిన భాగంలో ఆ పేరు పనిచేస్తూనే ఉంటుంది. మెథడ్లను మాత్రం పెర్ల్ నడిచే సమయంలో పేరును బట్టి వెదుకుతుంది. తెచ్చుకున్న ఫంక్షన్లు బయటివారికి మెథడ్లుగా కనిపించకుండా చేసే మాడ్యూళ్లు ఈ తేడా మీదనే ఆధారపడతాయి.

అడగకుండా ఏర్పడే మారుపేర్లు

ప్రోగ్రామరు కోరకపోయినా భాష కొన్ని చోట్ల తానే మారుపేర్లు పెడుతుంది.

ఒక అర్రేలోని అంశాలను ఒక్కొక్కటిగా చూసే "ఫర్" ఆవృత్తిలో, ఆవృత్తి చలరాశి అంశానికి నకలు కాదు, ఆ అంశానికే మారుపేరు. గ్రామాల పేర్లను ముద్రించడానికి ముందు ప్రతి పేరు చివర "గ్రామం" అని చేర్చితే, ముద్రణలోనే కాక అసలు జాబితాలోనూ ఆ మాట చేరిపోతుంది. అదే ఆవృత్తిని రెండవసారి నడిపితే "కరివేన గ్రామం గ్రామం" అని వస్తుంది. మ్యాప్, గ్రెప్ అనే ఫంక్షన్లలోనూ ఇంతే. అసలును మార్చకుండా మార్చిన పాఠాన్ని మాత్రమే తిరిగి ఇచ్చే సౌకర్యం 2011లో 5.14 వెర్షనుతో వచ్చింది.

ఫంక్షనుకు పంపిన విలువలు చేరే అర్రేలోని అంశాలు కూడా పిలిచినవారి చలరాశులకు మారుపేర్లే. ఫంక్షను వాటిని నేరుగా మార్చితే పిలిచినవారి విలువలు మారుతాయి. అందువలన ఫంక్షను మొదటి పంక్తిలోనే వాటిని సొంత చలరాశులలోకి నకలు చేసుకోవడం పెర్ల్ ప్రోగ్రామర్లలో స్థిరపడిన ఆచారం.

జాగ్రత్తలు

తప్పు మారుపేరు. *నంద్యాల::ఆత్మకూరు అనే పేరును పొరపాటున *నెల్లూరు::ఆత్మకూరు తో జతపరచినా వాక్యం వ్యాకరణరీత్యా సరైనదే. ఏ ఆత్మకూరు ఏ జిల్లాదో భాషకు తెలియదు. నంద్యాల పేరుతో చేసిన ప్రతి దిద్దుబాటూ నెల్లూరు సమాచారాన్ని చెరుపుతుంది. నకలులో తప్పు జరిగితే ఒక ప్రతి చెడుతుంది. మారుపేరులో తప్పు జరిగితే అసలే చెడుతుంది, రెండవ ప్రతి ఉండదు. రెండు పేర్లు నిజంగా ఒకే వస్తువును సూచిస్తున్నాయో లేదో రెఫరెన్సులను పోల్చి తెలుసుకోవచ్చు:

\@నంద్యాల::ఆత్మకూరు == \@కర్నూలు::ఆత్మకూరు

ఈ పోలిక నిజమైతే అవి ఒకటే. లోపలి విలువలు సమానంగా ఉన్నంత మాత్రాన ఒకటే అనుకోరాదు.

తాత్కాలిక విలువలు. "లోకల్" అనే కీలకపదం ఒక చలరాశికి ఆ బ్లాకు ముగిసే వరకు తాత్కాలికంగా కొత్త విలువ ఇస్తుంది. అప్పుడు పెర్ల్ అరలోని పాత స్కేలారును పక్కన పెట్టి, అదే అరలో కొత్త స్కేలారును ఉంచుతుంది. పూర్తి మారుపేరు ఉన్నప్పుడు పెట్టె ఒకటే కనుక రెండు పేర్లకూ కొత్త విలువ కనిపిస్తుంది. పాక్షిక మారుపేరు ఉన్నప్పుడు రెండవ పేరు పాత స్కేలారునే పట్టుకుని ఉంటుంది, కనుక పాత విలువనే చూపుతుంది. చూడడానికి ఒకేలా ఉన్న రెండు పద్ధతుల నడుమ ఇది ముఖ్యమైన తేడా.

పాఠం నుండి పేర్లు. ఫైలు నుండి చదివిన పాఠాన్నే చలరాశి పేరుగా వాడే వీలు పెర్ల్‌లో ఉంది. ఇది ప్రమాదకరం. ఫైలులో "ఆత్మకూరు" బదులు "ఆత్మకూర్" అని ఉంటే పెర్ల్ దోషం చూపదు, ఆ పేరుతో కొత్త పద్దు సృష్టించి ఖాళీ విలువను ఇస్తుంది. "స్ట్రిక్ట్" అనే ఆదేశాన్ని వాడితే ఈ వాడుక నిషిద్ధమవుతుంది. ఎక్స్‌పోర్టర్ వంటి పనులకు తప్పనిసరి అయినప్పుడు, ఆ చిన్న బ్లాకులో మాత్రమే నిషేధాన్ని సడలిస్తారు. మామూలు సమాచారానికి, ఉదాహరణకు ఊళ్ల జాబితాకు, పేర్ల పట్టికను కాక సొంత హ్యాష్‌ను వాడడమే సరైన పద్ధతి.

తొలగింపు. గ్లాబులో ఒక అరను మాత్రమే ఖాళీ చేసే నేరు ఆదేశం పెర్ల్‌లో లేదు. మిగతా అరల రెఫరెన్సులను దాచుకుని, పద్దును మొత్తంగా తొలగించి, కావలసినవాటిని తిరిగి అమర్చాలి.

తెలుగు లిపిలో పేర్లు

పై ఉదాహరణలలో చలరాశుల పేర్లు, ప్యాకేజీల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. ప్రోగ్రాము మొదట్లో యూటీఎఫ్-8 ఆదేశం ఉంచితే పెర్ల్ వీటిని అంగీకరిస్తుంది. పేర్ల పట్టికలో యూనికోడ్ పేర్లకు సరైన మద్దతు 2012లో వచ్చిన 5.16 వెర్షనుతో లభించింది. అయితే తెలుగు పేర్లతో రెండు ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి.

మొదటిది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా వ్రాయవచ్చు. ఎత్వాన్ని, ఐత్వపు గుర్తును కలిపి రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చు. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైథాన్ భాష పేర్లను చదివేటప్పుడు ఇటువంటి రూపాలను ఒకటిగా చేస్తుంది, పెర్ల్ అలా చేయదు. "పై", "బైర్లూటి" వంటి పేర్లను రెండు విధాలుగా టైపు చేస్తే పట్టికలో రెండు వేర్వేరు పద్దులు ఏర్పడతాయి.

రెండవది కంటికి కనిపించని విడదీయు గుర్తు. పొల్లు హల్లు తరువాతి అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఉండడానికి తెలుగు టైపింగులో దీనిని వాడతారు. ఇది పేరులో భాగం కావడానికి పెర్ల్ నియమాలు ఒప్పుకోవు. అలాంటి పేరు వ్రాస్తే గుర్తుతెలియని అక్షరమని దోషం వస్తుంది.

ఇతర భాషలలో

పైథాన్ భాషలో ప్రతి పేరూ ఒక వస్తువుకు తగిలించిన చీటీ వంటిది. ఒక పేరును మరొక పేరుకు అప్పగిస్తే రెండు చీటీలు ఒకే వస్తువుకు తగులుతాయి. తరువాత ఒక పేరుకు కొత్త విలువ ఇస్తే ఆ చీటీ మాత్రమే వేరే వస్తువుకు మారుతుంది, రెండవ పేరు పాత వస్తువు దగ్గరే ఉంటుంది. పెర్ల్ మారుపేరులో రెండు పేర్లకూ కొత్త విలువ కనిపిస్తుంది.

పీహెచ్‌పీ భాషలో "అండ్" గుర్తుతో రెండు చలరాశులను ఒకే విలువకు కట్టవచ్చు. వాటిలో ఒక పేరును తొలగిస్తే విలువ పోదు, రెండవ పేరుతో దొరుకుతుంది. రూబీ భాషలో మెథడుకు మారుపేరు పెట్టే కీలకపదం ఉంది. అసలు మెథడును తరువాత తిరిగి నిర్వచించినా మారుపేరు పాత నిర్వచనాన్నే పిలుస్తుంది. టీసీఎల్ భాషలో, పిలిచిన ఫంక్షనులోని చలరాశికి పిలవబడిన ఫంక్షనులో పేరు పెట్టే ఆదేశం ఉంది.

వికీపీడియా వంటి విజ్ఞాన సర్వస్వాలలోనూ ఇవే రెండు సమస్యలు ఎదురవుతాయి. ఒకే పేరు గల అనేక ఊళ్లకు అయోమయ నివృత్తి పేజీ, ఒకే ఊరికి గల అనేక పేర్లకు దారిమార్పు పేజీలు అక్కడి పరిష్కారాలు. పేర్లు మారుతూ ఉంటాయి కనుకనే జనగణన వారు గ్రామాలకు అంకెల సంకేతాలు ఇస్తారు. వస్తువును గుర్తించే పనిని అంకెకు అప్పగించి, పేర్లను దానికి మారుపేర్లుగా ఉంచితే, జిల్లా మారినా పేరు మారినా పాత దస్త్రం తన ఊరిని కోల్పోదు.

ఇవి కూడా చూడండి

* పెర్ల్
* యూనికోడ్
* ఆత్మకూరు (అయోమయ నివృత్తి)